పుట్టింటి చెట్లు

స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో లోయలో, ఊరి పక్కనే ఓ చిన్న చెరువుంది. చుట్టూ చదునైన బాట. పెద్దవాళ్లు కూడా ఆయాసపడకుండా ఓ చుట్టు చుట్టి, బయల్దేరిన చోటికే వచ్చేయొచ్చు. కొండలు అక్కడివే గానీ, గట్టున ఉన్న చెట్లు చాలావరకు ఉత్తర అమెరికావి.

1895లో ఆ ఎస్టేటు కొన్న లార్డ్ స్ట్రాత్‌కోనా, కెనడాలో పుట్టిన తన భార్య ఇసబెల్లాకి పుట్టినచోటి మీద బెంగ తీరాలని ఆ చెరువు ఏర్పాటు చేసి, చెట్లు నాటించాడని చెబుతారు. అయినా ఆవిడ బెంగ తీరలేదట!

మరి ఆ శ్రమంతా వృథాయేనా? నేనలా అనుకోను. బెంగ చెట్ల కోసం కాదు కదండీ, ఆ చెట్ల కింద మనల్ని ముద్దుపేరుతో పిలిచేవాళ్ల కోసం. వాళ్లని ఏ భర్తా తెచ్చి నాటలేడు. కానీ "ఇక్కడ నీకేం తక్కువయిందీ?" అని కసరకుండా, ఏదో తక్కువయిందని ఒప్పుకోవడం ఉందే, అది చిన్న సంగతా? దుఃఖం తీర్చడం అందరి చేతిలోనూ ఉండదు. గుర్తించడం ఉంటుంది.

చెరువు చుట్టూ నడిచినవాళ్లు మొదలుపెట్టిన చోటికి చేరతారు. అత్తవారింటికి బయల్దేరిన ఆడదాని బాట అలా గుండ్రంగా ఉండదు. పోనీ, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మల్లె అంటుకి పెరట్లో కాస్త చోటివ్వండీ!