బుడుదు వేసినవాని బాధ్యత

లింగాలలో నివసించు మనకు సముద్రము దూరము. ఓడల పటములతో మనకు పనిలేదు. అయినను ఆ పాత పటములు మన యెదుట నొక ప్రశ్న నుంచుచున్నవి: ప్రమాదము నెరిగినవాడు దానిని దాచవచ్చునా?

1605లో డచ్చి ఈస్టిండియా కంపెనీవారు మచిలీపట్టణమునకు వర్తకమునకై వచ్చిరి. వారి నావికులు తాడునకు సీసపు గుండు, అనగా బుడుదు, కట్టి సముద్రములోనికి విడిచి లోతు కొలిచెడివారు. ఆ లోతులను, ఇసుకతిప్పలను, రాళ్లను పటములలో గుర్తించెడివారు. ప్రయాణము ముగియగానే ఆ పటములను కంపెనీకి తిరిగి ఒప్పగింపవలెను, పరులకు చూపరాదు. ఆసియా సముద్రములనుగూర్చిన ఆ పటములు ఆమ్‌స్టర్‌డాములో వాన్ క్యూలెన్ వారిచే గ్రంథముగా అచ్చుపడినది 1753లోనే.

కష్టపడి తెలిసికొన్నది మాదేయని కంపెనీ యనవచ్చును. సరుకు దొరకు రేవును దాచుకొనుట వర్తకమే కావచ్చును. కాని నీటిక్రింది రాతిని దాచినయెడల పొరుగువాని ఓడ పగులును.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును చూడుడి. బుడుదు వేయగా మొదట 20 బారలు, పిమ్మట 15 బారలు తేలెను. లోతు తెలిసిన నావికులు తక్కినవారిని విడిచి పడవలో పారిపోజూచిరి. పౌలు ఆ సంగతి శతాధిపతితో చెప్పెను. ఓడ పగిలినను 276 మందియు దరిచేరిరి.

మన ప్రాంతమున బోరు వేసి నీరు పడనివాడు నవ్వులపాలగుదునని ఊరకుండును. ప్రక్క చేనివాడు అప్పుచేసి అచ్చటనే బోరు వేయును. కంపెనీ లాభమునకై దాచెను. మనము సిగ్గుచేత దాచుచున్నాము. పొరుగువానికి కలుగు నష్టమొక్కటే. కావున ప్రియులారా, ఎన్ని అడుగులకు రాయి తగిలెనో అడుగకముందే పోయి చెప్పుదము.