ఎక్కినవాళ్లే చెయ్యి అందించాలా?

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా ఎరుకల కాలనీ అమ్మాయి ఒకామె నన్ను ఒక ప్రశ్న అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి దాన్ని గురించే ఆలోచిస్తున్నాను.

ఆ అమ్మాయి సదుం మండలంలో నా దగ్గరే ఐదో తరగతి వరకు చదివింది. బడిలో సార్ అనేది, కాలనీలో మామా అంటుంది. అమ్మానాన్నలు బుట్టలల్లుతారు, పని దొరికిన రోజుల్లో టమోటా కోతకు పోతారు. పుంగనూరులో ఇంటర్ బైపీసీ, తిరుపతిలో డిగ్రీ చేసి ఇప్పుడు మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. మా కాలనీనుంచి సైన్సులో అంతదూరం పోయిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అందుకని ఊరికి వచ్చినప్పుడల్లా నేను ఆమెను వదలను. "రేపు బడికి రామ్మా, పిల్లలకు నాలుగు మాటలు చెప్పు" అంటాను. ఎవరి స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయినా ఆమెకే ఫోన్ చేస్తాను. తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లి మాటలు నడుస్తుంటే, వాళ్లమ్మకు నచ్చజెప్పమని ఆమెనే పంపించాను.

ఈసారి పిలిస్తే ఆమె నవ్వలేదు. "మామా, మరి నేను చదువుకునేది ఎప్పుడు? నా రూములో ఉండే అమ్మాయిని వాళ్ల ఊళ్లో ఎవరూ ఇవన్నీ అడగరు. సెలవులొస్తే నిద్రపోతుంది, పరీక్షకు చదువుకుంటుంది. మన కాలనీనుంచి ఇంజనీరింగ్ చేసి బెంగళూరు పోయిన మగపిల్లలు ముగ్గురున్నారు కదా. వాళ్లను ఒక్కసారన్నా అడిగినావా?" అంది.

నేను అడగలేదు.

ముందు పోయినవాళ్లు వెనకవాళ్లకు తోడు నిలవడం దయా, ధర్మమా? ధర్మమే అయితే ఆ ధర్మం ఎవరిది? ఆమె మాటలో ఉన్న ప్రశ్న ఇదీ.

తోడు అవసరమనేదాంట్లో నాకు అనుమానం లేదు. మా తాత కాలంలో ఎరుకలవాళ్లు పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది, 1952లో గానీ రద్దు కాలేదు. స్టేషన్‌లో హాజరు పలికిన మనిషి మనవరాలు ప్రయోగశాలలో హాజరు పలకడం చిన్న సంగతి కాదు. రిజర్వేషన్ ఆమెకు తలుపు తెరిచింది. తలుపు దాటాక లోపల పలకరించే మనిషిని మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గిరిజన మహిళల అక్షరాస్యత 49 శాతం. అంటే ఇంట్లో అడుగుదామంటే అమ్మకు అక్షరం రాకపోవచ్చు, కాలేజీలో అడుగుదామంటే మనవాళ్లెవరూ కనపడకపోవచ్చు.

మా బంధువుల పిల్ల ఒకామె బీఎస్సీలో చేరి మొదటి ఏడాదే మానేసింది. తెలివి లేక కాదు. కుల ధ్రువీకరణ పత్రం ఆలస్యమైతే ఆఫీసులో ఎవరో కసురుకున్నారు. ల్యాబ్ రికార్డు ఎట్ల రాయాలో తెలియలేదు. ఇంగ్లీషులో పాఠం అర్థం కాకపోతే తనకే బుర్ర లేదనుకుంది. "మొదటి ఆరు నెలలు అందరికీ అట్లే ఉంటుందిలే" అని చెప్పే మనిషి ఒక్కరు ఉన్నా ఆ పిల్ల నిలబడి ఉండేది.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. అమెరికాలో బానిసలుగా బతికినవారి వంశంలో పుట్టిన నల్లజాతి మహిళలు సైన్సులోకి పోయినప్పుడు ఇదే ఒంటరితనం పడ్డారు. 1975 డిసెంబరులో ముప్పైమంది మహిళా శాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకున్నారు. వాళ్లలో నల్లజాతివారితోపాటు అమెరికా ఆదివాసీ మహిళలూ ఉన్నారు. జాతి పేరుతో ఒక కట్టు, ఆడదన్న పేరుతో ఇంకొక కట్టు, రెండూ తమ కాళ్లకు ఉన్నాయని వాళ్లు గుర్తించారు. షర్లీ మాల్కం, ఇంకా ఇద్దరు కలిసి 1976లో ఆ మాటలన్నీ నివేదికగా తెచ్చారు. ఒకరికొకరు తెలియని మనుషులు కలుసుకున్నాకే, ఇది తమ లోపం కాదని వాళ్లకు బలపడింది. ఈనాడు కూడా అక్కడ ఎందరో స్వచ్ఛందంగా ఈ పని చేస్తున్నారు. 2011లో కింబర్లీ బ్రయంట్ మొదలుపెట్టిన బ్లాక్ గర్ల్స్ కోడ్ నల్లజాతి ఆడపిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పించే సంస్థ.

ఇక్కడ మేరీ జాక్సన్ కథ చెప్పాలి. ఆమె 1951లో లాంగ్లీ పరిశోధన కేంద్రంలో లెక్కలు కట్టే పనిలో చేరింది. ఇంజనీరు కావాలంటే కొన్ని తరగతులు చదవాలి. అవి జరిగేది తెల్లవాళ్లకు మాత్రమే ఉన్న బడిలో. నగర అధికారులకు అర్జీ పెట్టుకుని, అనుమతి తెచ్చుకుని చదివి, 1958లో నాసాలో మొదటి నల్లజాతి మహిళా ఇంజనీరు అయింది. 1979లో, ఇంజనీరుగా ఉన్న హోదా తగ్గించుకుని, సంస్థలో ఆడవాళ్ల ఉద్యోగాలూ ఎదుగుదలా చూసే పదవికి మారింది. తర్వాతివాళ్లకు దారి చెయ్యడానికి తన మెట్టు దిగింది.

ఈ కథను నేను పిల్లలకు గొప్ప త్యాగంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తోంది. మెట్టు దిగమని ఆమె పక్కన పనిచేసిన తెల్ల ఇంజనీర్లను ఎవరు అడిగారు? దిగడం ఆమె ఇష్టపడి చేసిన పని, అందుకే అది గొప్పది. దాన్నే అందరు ఆడపిల్లలకూ నియమం చేస్తే, గొప్పతనం పోయి వెట్టి మిగులుతుంది. వెట్టి అంటే ఏమిటో మన పెద్దలకు తెలుసు.

ఇంకొక విషయం. నువ్వు ఇంజనీరు శిక్షణకు పో అని మేరీని ముందుకు తోసినవాడు ఆమెతో పనిచేసిన తెల్లజాతి ఇంజనీరు కజిమీర్ జార్నెకి. నా సంగతీ అంతే. నేను ఉపాధ్యాయ శిక్షణకు పోవడానికి పరీక్ష ఫీజు కట్టిన మాస్టారు మా కులంవాడు కాదు. చెయ్యి అందించడానికి అదే కొమ్మమీద కూర్చుని ఉండనక్కరలేదు.

"మనవాళ్లు చెబితేనే మనపిల్లలు వింటారు సార్" అని తోటి ఉపాధ్యాయులు అంటారు. అందులో నిజముంది. జార్ఖండ్ ఒరావన్ తెగకు చెందిన సోనాఝరియా మింజ్‌ను లెక్కల జోలికి పోవద్దని చిన్నప్పుడు ఒక మాస్టారు అన్నారట. ఆ సంగతి ఆమే చెప్పుకున్నారు. ఆమె జేఎన్‌యూలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ అయ్యారు, 2020లో సిదో కన్హూ ముర్ము విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అట్లాంటి మనిషి ఉన్నారని తెలిస్తేనే మన ఆడపిల్ల వెన్ను నిలబడుతుంది. అయితే మన పిల్ల చేసే మొదటి సేవ తన సైన్సు తాను బాగా చెయ్యడమే. ఆమె మధ్యలో అలిసిపోయి ఇల్లు చేరితే, వెనకవాళ్లకు చూపించడానికి ఎవరు మిగులుతారు?

బుట్టకు అడుగు ఒక్క వెదురు బద్దతో పడదు. అన్ని బద్దలూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బరువు ఆగుతుంది. తోడు నిలవడం ధర్మమే, అది అందరిదీ. మేము దాన్ని ఒక్క పిల్ల నెత్తిన పెట్టి, మిగతావాళ్లం చప్పట్లు కొట్టాం. ఆ తప్పు ముందు నాదే.

సంక్రాంతి తర్వాత బెంగళూరు అబ్బాయిలు ముగ్గురికీ ఫోన్ చేశాను. ఒకడు ఎత్తలేదు. ఒకడు తీరిక లేదన్నాడు. ఒకడు మాత్రం ఆదివారం సాయంత్రం గంటసేపు ఫోన్లోనే ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ధ్రువపత్రాల పని నేను తీసుకున్నాను, అవి మొదటినుంచీ ఉపాధ్యాయుడు చూడాల్సినవే. పెళ్లి మాటలు వస్తే మాట్లాడటానికి కాలనీ పెద్దమనుషులను కూర్చోబెడుతున్నాను. ఆ అమ్మాయిని నేనేమీ అడగలేదు. నెల తర్వాత ఆమే ఫోన్ చేసి, "మామా, సైన్సు తీసుకున్న ఆడపిల్లలకు నా నంబరు ఇయ్యి. నెలలో రెండో శనివారం మాట్లాడతాను. పరీక్షలప్పుడు మాత్రం వద్దు" అంది.

తోటి ఉపాధ్యాయులారా, మీ బడినుంచి పోయిన మొదటి ఆడపిల్లను బడికి పిలిచే ముందు, ఆమెకు ఏం కావాలో ఒకసారి అడగండి. చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్లారా, మిమ్మల్ని ఎవరూ అడగలేదని ఊరుకోకండి. చెల్లెళ్లారా, మీరు ఎక్కండి. చెయ్యి అందించాలో వద్దో, ఎప్పుడు అందించాలో మీరే నిర్ణయించుకోండి. కింద నిచ్చెన పట్టుకోవడానికి మేమున్నాం.