వదలడానికీ బలం కావాలి



మన ఇళ్లలో ఎవరైనా కన్నుమూస్తే పెద్దవాళ్లు ముందుగా ఏం చేస్తారో మీకు తెలుసు. కళ్లు మూస్తారు, గడ్డానికి గుడ్డ కడతారు, కాళ్లూ చేతులూ సరిచేస్తారు. "ఆలస్యమైతే బిగుసుకుపోతుంది" అని తొందరపెడతారు. నిజమే. కొద్ది గంటల్లోనే ఆ బిగువు దవడ, మెడ దగ్గర మొదలై ఒళ్లంతా పాకుతుంది. ప్రాణం పోయిన దేహం సడలిపోవాలి గాని, బిగుసుకోవడమేమిటి? సెమినరీలో ఆత్మను గురించి, దేహాన్ని గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు, ఎన్నో భూస్థాపనలు జరిపించాక గాని ఈ ప్రశ్న తట్టలేదు.

ఒకసారి మీ కుడిచేతిని గట్టిగా మడవండి. పైచేతి ముందువైపు కండ బిగుస్తుంది. ఇప్పుడు అరచేతితో బల్లను కిందికి నొక్కండి. ఈసారి వెనుకవైపు కండ బిగుస్తుంది. మన ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ తోయడం రాదు, లాగడమొక్కటే తెలుసు. అందుకే ఇటు లాగేదానికి అటు లాగేది జతగా ఉంటుంది. ఒకటి లాగేటప్పుడు రెండవది సడలి దారి ఇవ్వాలి. రెండూ సమంగా బిగిస్తే చేయి కర్రలా నిలబడిపోతుంది. (ఇది చదివి భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఆ తప్పు నాది కాదు.)

ఇక కండరం లోపల. అక్కడ లావు పోగులు, సన్న పోగులు ఉంటాయి. అవి ఒకదాని పక్కగా ఒకటి జారడం వల్లనే కండరం కురచవుతుందని 1954లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. లావు పోగుకు కొక్కాల వంటివి ఉంటాయి. అవి సన్న పోగును పట్టి, లాగి, వదిలి, మరికాస్త ముందు పట్టుకుంటాయి. బావిలో చేద తోడేటప్పుడు చేయి మార్చి చేయి తాడు లాగుతాం కదా, అలాగన్నమాట. పట్టిన చేయి వదలకపోతే నీళ్లు పైకి రావు.

ఆ కొక్కెం పట్టు విడిపించేది ఏటీపీ అనే పదార్థం. మనం తిన్న అన్నం నుండి, పీల్చిన గాలి నుండి దేహం దాన్ని తయారుచేసుకుంటుంది. ప్రాణం పోయాక అది అయిపోతుంది. కొక్కాలు పట్టినవి పట్టినట్టే ఉండిపోతాయి. శవం బిగుసుకోవడమంటే ఇదే. వదిలే శక్తి దానికి లేదు. కండ చెడిపోవడం మొదలయ్యాక గాని ఆ పట్టు వీడదు.

మనమేమో పట్టు వీడనివాణ్ణి మొనగాడంటాం. క్షమించినవాణ్ణి "దిగివచ్చాడు" అంటాం. మీ ఇంట్లో ఏ మాట అలా బిగుసుకుని ఉందో నాకు తెలియదు, మీకు తెలుసు. వదిలే శక్తి దేహానికి అన్నం నుండి వస్తుంది. మనసుకు ఎక్కడి నుండి వస్తుందో, ప్రతి ఆదివారం పీఠం వద్దకు వచ్చి అందుకునే మీకు నేను చెప్పనక్కరలేదు.

గుండె కూడా కండరమేనని 1664లో రాసినవాడు నికొలాస్ స్టేనో అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు. 1667లో ఆయన కతోలిక సభలో చేరాడు, 1675లో గురువయ్యాడు, 1677లో పీఠాధిపతి అయ్యాడు. 1988లో రెండవ జాన్‌పాల్ పోపుగారు ఆయనను ధన్యునిగా ప్రకటించారు. గుండె బిగిసినప్పుడు నెత్తురు బయటికి పోతుంది, సడలినప్పుడే లోపలికి వచ్చి నిండుతుంది. మార్కు సువార్త మూడవ అధ్యాయంలో, ప్రార్థనామందిరంలో ఎండిపోయిన చేయిగలవాడొకడు ఉన్నాడు. ప్రభువు చాచమనగానే ఆ చేయి చాచుకుంది. చుట్టూ కూర్చుని తప్పు వెదకుతున్నవారి గుండెలే బిగుసుకుని ఉన్నాయి. వాటిని చూసే ప్రభువు బాధపడ్డాడు.

కొన్నేళ్ల క్రితం ఒక ఊరిలో ఒక పెద్దాయన పోయాడు. పొలం గట్టు తగాదాతో ఆయన కొడుకులిద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు. నేను వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆయన చేతిలో సిలువ ఉంచబోతే వేళ్లు విడలేదు. పెద్దవాడు తలవైపు కూర్చుని ఒక్కొక్క వేలే నిమరసాగాడు. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. చూస్తూ చూస్తూ చిన్నవాడు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. "మెల్లగా అన్నా" అన్నాడు.

గట్టు సంగతి ఏమైందో నేను అడగలేదు.