బాలుడను గురువు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున ఒక చక్కని ఘట్టము కలదు. ఇల్లు లేక, ధనము లేక, తనవారనువారు లేక తిరుగుచున్న ఒక అవధూతను యదుమహారాజు చూచి, ఏమియు లేనివాడు ఇంత ఆనందముగా ఎట్లుండగలుగుచున్నాడని ఆశ్చర్యపడెను. అందుకు అవధూత, తనకు ఇరువదినలుగురు గురువులు కలరని చెప్పెను. భూమి, వాయువు, నీరు, తుమ్మెద, చేప, సాలెపురుగు - ఇట్లు వరుసగా చెప్పుచు, వారి నడుమ ఒక పసిబాలుని కూడ పేర్కొనెను. బాలునకు మానావమానముల పట్టింపు లేదు. ఇంటిని గూర్చిన చింత లేదు. లోకమున చింత లేనివారు ఇద్దరే: ఒకడు ఏమియు నెరుగని బాలుడు, రెండవవాడు గుణములను దాటిన జ్ఞాని.

ఆ గురువే నేడు మన యింట, మే నెల మిట్టమధ్యాహ్నమున, చెమటలు కారుచు మన యెదుట నిలిచి, "అమ్మా, ఇప్పుడేమి ఆడుకొందును?" అని అడుగుచున్నాడు. మనకు విసుగు వచ్చుచున్నది!

జంషెడ్‌పూరు నగరమున సువర్ణరేఖా నది చేరువను భుయ్యాడీహ్ అను పేట కలదు. 1907లో టాటా వారి ఉక్కు సంస్థ ఏర్పడిన పిమ్మట, జీవనోపాధికై ఉత్తరాంధ్రమునుండి ఎందరో ఈ నగరమునకు తరలివచ్చిరి. వారి సంతతి నేటికిని ఇక్కడనే నివసించుచున్నది. వేసవిలో కొందరు రైలెక్కి తాతగారి ఊరికి పోవుదురు. కొందరికి ఆ అవకాశముండదు. టిక్కెట్లకు, బట్టలకు, బంధువుల యిండ్లకు కొనిపోవలసిన వానికి లెక్కవేసుకొని, "వచ్చే యేడు పోవుదములే" అని ఊరకుందురు. ఈ మాటలు ముఖ్యముగా అట్టివారికొరకే.

అట్టి తండ్రి యొకరు ఒకప్పుడు తన మనసులోని బాధను ఇట్లు చెప్పుకొనెను. ఎదురింటి పిల్లలు పూరీకి పోయి సముద్రమును చూచి వచ్చిరి. అతని కుమారుడు ప్రతిదినము, "మనమెప్పుడు పోవుదుము నాన్నా?" అని అడుగసాగెను. ఒకనాడు తండ్రి సహింపలేక చేయి చేసికొనెను. పిల్లవాడు మరల అడుగలేదు. "వాడు అడిగినప్పుడు కోపము వచ్చినది. అడుగుట మానినప్పటినుండి నిద్ర పట్టుట లేదండీ" అని ఆ తండ్రి కన్నీరు పెట్టుకొనెను.

ఆ దెబ్బ ఎవరిపై పడవలసినది? పిల్లవాని కోరికలో దోషము లేదు. తండ్రి జేబు ఖాళీగా నుండుటయు దోషము కాదు. ఆ లేమిని అవమానముగా భావించిన అభిమానమే కోపముగా మారి పసివానిపై పడినది. బాలునకు లేని మానావమానములు మనకున్నవి. ఆ గురువునొద్ద మనము నేర్వవలసిన మొదటి పాఠమిదియే. పిల్లలతో సత్యము పలుకవలయును. "నాయనా, నీ కోరిక మంచిదే. ఈ సంవత్సరము మనయొద్ద డబ్బు లేదు. ఉన్నదానితో ఏమి చేయుదమో ఇద్దరము ఆలోచింతము" అని చెప్పిన తండ్రి తక్కువవాడు కాడు. ఆ మాటలో "ఇద్దరము" అన్నదే పిల్లవానికి పెన్నిధి.

ఆనందము వస్తువులోనే యున్నచో, కొనితెచ్చిన బొమ్మను ఒకమూల పడవైచి, అది వచ్చిన అట్టపెట్టెను బండిగా చేసికొని పిల్లవాడేల ఆడుకొనును? ఆనందము వాని లోపలనే కలదు. వస్తువు నెపము మాత్రమే. అయితే ఇది చెప్పి, పిల్లలకేమియు చేయనక్కరలేదని మనము తప్పించుకొనరాదు. ధనమునకు బదులుగా మన సమయమును, మన చూపును ఈయవలయును. చేతిఫోను నొకదానిని వాని చేతికిచ్చి మనము నిశ్చింతగా నుండుట సులభమే. ఆ ఫోను ధర తీర్చవచ్చును గాని, ఆ గంటలు తిరిగిరావు.

ఏమి చేయవలయునందురా? ఈ ప్రాంతమున వేసవిలో అయిదు గంటలు దాటునప్పటికే సూర్యుడుదయించును. ఎండ ముదరకమునుపే పిల్లలను వెంటబెట్టుకొని నది చేరువకు పొండు. పెద్దలు తోడు లేనిదే పిల్లలను అటు పంపరాదు, నీటిలోనికి దిగనీయరాదు. పైకి నిలుకడగా కనబడు నదిలో గుంతలుండును. ఒడ్డుననే నడచుచు, అవధూతవలె గురువులను వెదకుడని వారితో చెప్పుడు. పాతపుస్తకములో మిగిలిన తెల్లకాగితములు చాలును. దినమున కొక్క గురువు. చీమ ఏమి నేర్పినది? కొంగ ఏమి నేర్పినది? బొమ్మ గీచి, క్రింద ఒక వాక్యము వ్రాయవలయును. ఇరువదినాలుగు దినములకు ఇరువదినలుగురు గురువులు! బాణములు చేయువాడు తన పనిలో లీనమై, ప్రక్కనుండి రాజు పరివారముతో పోయినను ఎరుగలేదని అవధూత చెప్పెను. మీ వీధిలోని కుమ్మరిని, వడ్రంగిని, దర్జీని పిల్లలు అట్లు కాసేపు గమనింపవచ్చును.

మధ్యాహ్నము ఇంటి నీడన వామనగుంటలు, పులిజూదము, అచ్చనగండ్లు ఆడవచ్చును. చింతగింజలు, గులకరాళ్లు, ఒక బొగ్గుముక్క ఉన్న చాలును. వైకుంఠపాళిని కొనక, పిల్లలచేతనే గీయింపుడు. నిచ్చెనలకు సుగుణములను, పాములకు దుర్గుణములను వారే పేరిడవలయును. ఏ పామునకు ఏ పేరు పెట్టుదురో చూచినచో, వారి మనసులోని భయములు మీకు తెలియును. "నాన్న కోపము" అని యొక పామునకు పేరు పెట్టినచో నొచ్చుకొనకుడు, దిద్దుకొనుడు.

బడిలో హిందీయో ఇంగ్లీషో చదువు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుటకు ఇంతకు మించిన కాలము లేదు. సెలవులు ముగియులోపల అమ్మమ్మకు స్వయముగా ఒక ఉత్తరము వ్రాయవలయునని నియమము పెట్టుడు. పొరుగున సంతాలీ పిల్లలున్నచో, 1925లో పండిత రఘునాథ్ ముర్ము రూపొందించిన ఓల్ చికి లిపిలో వారి పేర్లు వ్రాయుటను మీవారు నేర్చుకొని, తెలుగులో వారి పేర్లు వ్రాసి చూపవచ్చును. ఇచ్చి పుచ్చుకొనుటయే స్నేహము. తల్లిదండ్రు లిద్దరును పనికిపోవు ఇండ్లవారు, నాలుగు కుటుంబములు కలిసి, పూట కొక్కరు చొప్పున పిల్లలను కనిపెట్టుకొనవచ్చును.

సాయంకాలము పక్షులకు మూకుడులో నీరు పెట్టుట, వృద్ధులకు కూజా నింపి యిచ్చుట పిల్లల పనిగా నుండనిండు. దీపము పెట్టినవేళ పోతన భాగవతమునుండి, గోపబాలకులు యమున ఒడ్డున చల్దులు పంచుకొని తినిన కథ చెప్పుడు. జగన్నాయకుడు ఏ పట్టణమునకు పోయి, ఏమి కొని ఆడుకొనెను? ఇసుక, చెట్లనీడ, తోటివారి చద్దిమూటలు - ఇవియే ఆయన వేడుకలు.

సువర్ణరేఖ ఇసుకలో బంగారు రేణువులు లభించును. ఆ ఇసుకను కడుగువారు దినమంతయు శ్రమించినను దొరకునవి కొలది రేణువులే. అయినను ఆ కొలదికొరకే అంత ఇసుకను ఓపికతో కడుగుదురు. సెలవుదినములును అట్టివే. చాలభాగము విసుగు, ఉక్కపోత, అన్నదమ్ముల తగవులాటలు. వాని నడుమ ఏదో యొక ఉదయము, తండ్రి వ్రేలు పట్టుకొని నడచిన అరగంట, ఆ బిడ్డ మనసున బంగారు రేణువై జీవితాంతము నిలిచిపోవును.

కొట్టిన ఆ తండ్రి రాత్రిపాళీ ముగించుకొని వచ్చి, నిద్రకు ముందు అరగంట కుమారునితో నదివైపు నడచుట అలవాటు చేసికొనెను. వారము దినములు బాలుడేమియు మాటలాడలేదు. ఎనిమిదవనాడు, "నాన్నా, ఈ నీరు ఎక్కడికి పోవును?" అని అడిగెను. "సముద్రమునకే నాయనా" అని తండ్రి చెప్పెను. పిల్లవాడు మరల అడుగసాగెను. అదియే ఆ తండ్రి పొందిన ప్రసాదము.

మన యింటనున్న బాలగురువులను గుర్తించు కన్నులను, వారి ప్రశ్నలకు ఓపికతో బదులీయగల మనసును సర్వేశ్వరుడు మనకెల్లరకు అనుగ్రహించుగాక!