అద్దముపై ధూళి

కార్వాన్ చెంత గుడిమల్కాపూరునందు ఝాంసింగ్ వేంకటేశ్వరాలయము కలదు. ఆ ప్రాంతమున పూలమార్కెట్టు పుప్పొడియు, వాహనముల దుమ్మును గాలిలో తేలుచుండును. ఉత్సవవేళ ఛాయాగ్రాహకుడు అచ్చటనే లెన్సు మార్చినచో ఒక రేణువు డిజిటల్ కెమెరాలో దూరును. ఇక ప్రతి చిత్రమునను ఒకే చోట నల్లమచ్చ! గోపురముపై ఆకాశమున అదియే, ఉత్సవమూర్తి తిరుముఖమున అదియే. అతడు లెన్సును తుడుచును, ఫలముండదు. అద్దపు కెమెరాలో కన్నుపెట్టి చూచునపుడు ఆ మచ్చ కానరాదు, చిత్రమునందే బయటపడును. మన దోషములును తలపున తోపక చేతలయందు తెలియుచున్నవి గదా!

అయితే ఆ ధూళి వెలుగును గ్రహించు సెన్సారు నంటదు. దానిముందు నమర్చిన పలుచని గాజుపలకపై నిలుచును. గీత మూడవ అధ్యాయము కామావృతమైన జ్ఞానమునకు మలినదర్పణమును దృష్టాంతముగా చూపినది. భగవద్రామానుజుల సిద్ధాంతమున జీవుని స్వరూపము చెడదు. కర్మచే ధర్మభూతజ్ఞానము సంకోచించును, అంతే. "నేను చెడితిని, నాకిక భగవంతుడేల?" యని కుంగు గృహస్థు దీనిని ముఖ్యముగా తెలియవలెను.

తుడుచుటయందు తొందర కూడదు. నోటితో ఊదినచో తుంపర పడును. ఉత్తరీయపు చెంగుతో రుద్దినచో గాజు గీరుకొనును, ఆ గీత ఇక పోదు. కెమెరా ముఖమును క్రిందికి వంచి రబ్బరు బుడ్డితో గాలి కొట్టవలెను. అప్పటికిని పోనిచో, తగిన ద్రవమునద్దిన మెత్తని పుల్లను ఒకమారు నడపి పారవేయవలెను. ఒక్కనాటి కఠోరోపవాసముతో మనస్సు కడిగితిమనువారు ఈ మెలకువ నెరుగరు.

తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశులకు ముందు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తికి వస్త్రము కప్పి, గోడలను, పైకప్పును కడిగి, పరిమళద్రవ్యము పూయుదురు. పిదప వస్త్రము తొలగించి నైవేద్యము సమర్పించి, భక్తులను దర్శనమునకు విడుతురు.