నోటు మొదలయ్యే కుర్చీ

అనగనగా నోయిడా సెక్టార్ 62లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. కేంద్ర ప్రభుత్వ శాఖలు సంస్థలకిచ్చే గ్రాంట్లకు యుటిలైజేషన్ సర్టిఫికెట్లు (సొమ్ము ఖర్చైందన్న ధ్రువపత్రాలు) వచ్చాయో రాలేదో చూపించే సాఫ్ట్‌వేర్ అమ్మేది. రెండు శాఖలు కొన్నాయి. సేల్స్‌వాళ్లు చేతులు దులుపుకున్నాక, ఆ శాఖలను చెరొకటిగా కనిపెట్టుకునుండే పని ఇద్దరు తెలుగువాళ్ల మీద పడింది. కస్టమర్ సక్సెస్ మేనేజర్లని హోదా. ఒకరిది విజయవాడ, ఇంకొకరిది వరంగల్.

విజయవాడ అతను మాటకారి. జాయింట్ సెక్రటరీ పేషీలో అందరికీ తెలిసినవాడు. మూడు నెలలకోసారి స్లైడ్లు, లాగిన్లు పెరిగాయని గ్రాఫు, దీపావళికి కాజూ బర్ఫీ. సారు "వెరీ గుడ్" అనేవారు. ఆ మెప్పు ఏ కాగితం మీదికీ ఎక్కలేదు.

వరంగల్ అతనూ జాయింట్ సెక్రటరీని కలిసేవాడు. కానీ అక్కడ తొందరగా ముగించి, కింద ఫైళ్లు తయారయ్యే సెక్షన్‌లో కూర్చునేవాడు. ఎస్ఎస్‌సీ పరీక్ష రాసి ఢిల్లీ చేరిన శ్రీకాకుళం అమ్మాయి అక్కడ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్. ఆమె కంప్యూటర్లో వీళ్ల సాఫ్ట్‌వేర్ ఉంది, దాని పక్కనే సొంతంగా చేసుకున్న ఎక్సెల్ షీటూ ఉంది.

"మా దాంట్లో ఉన్న లెక్కే కదా మేడం, మళ్లీ ఇదెందుకు?" అనడిగాడు.

"మీ దాంట్లో ఖర్చు రాయడానికి గడి ఉందండీ. మిగిలిన సొమ్ముకేదీ? దాని మీద వచ్చిన వడ్డీకేదీ? ఆ వడ్డీ మళ్లీ ప్రభుత్వానికి కట్టించాలి కదా! రేపు పార్లమెంటు ప్రశ్న వస్తే, మీ గ్రాఫు చూపించి ఏటి చెప్పమంటారు?"

అతను నోయిడా వెళ్లి ఆ రెండు గడులూ పెట్టించాడు. ఒక్క క్లయింటు కోసం ఇంత పనా అని పైవాళ్లు విసుక్కున్నారు, పడ్డాడు. తర్వాత సెక్షన్ పేరున ఉత్తరం రాశాడు: మీరడిగింది ఇది, ఇచ్చిన తేదీ ఇది, చేయలేకపోయింది ఇది. ఆమె దాన్ని డైరీ చేయించి (వచ్చిన కాగితంగా నంబరు వేయించి) ఫైల్లో పెట్టింది. ఆనాటి నుంచి ఏ మార్పు చేసినా అదే వరస.

ఎండాకాలం వచ్చింది. ఇద్దరు జాయింట్ సెక్రటరీలూ మారారు. కొత్తగా వచ్చినవాళ్లు సహజంగానే ఒకే ప్రశ్న వేశారు: ఈ సాఫ్ట్‌వేర్ ఇంకా కొనసాగించాలా? ప్రశ్న డైరెక్టర్ మీదుగా, అండర్ సెక్రటరీ మీదుగా సెక్షన్‌కు దిగింది.

మొదటి శాఖలో, అంటే విజయవాడ అతను చూసే దాంట్లో, ఫైలు నడిపే డీలింగ్ అసిస్టెంట్‌కు ఆ స్లైడ్ల సంగతే తెలియదు. ఫైల్లో ఉన్నదున్నట్టు నోటు రాశాడు: సెక్షన్‌లో వాడకం లేదు, రికార్డులో ఏమీ లేదు. ప్రభుత్వ ఫైళ్లు నడిచే ఈ-ఆఫీస్‌లో నోటు పసుపు రంగులో ఉన్నంతసేపు దిద్దుకోవచ్చు. ఒకసారి ఆకుపచ్చగా మారి పైకి వెళ్లిందంటే ఎంత పెద్ద అధికారికైనా చెరపడం సాధ్యం కాదు. దాని కింద పైవాళ్లంతా సరేనన్నారు. చివరి బిల్లు ఆగిపోయింది. విజయవాడ అతను పాత సారుకు ఫోన్ చేశాడు. "చెప్పి చూస్తాను" అన్నారాయన, వేరే శాఖ గదిలో కూర్చుని.

రెండో శాఖలో అప్పటికి శ్రీకాకుళం అమ్మాయి కూడా లేదు, ఆమెకూ బదిలీ అయింది. ఆ కుర్చీలోకి వచ్చిన హర్యానా కుర్రాడికి వరంగల్ అతనెవరో తెలియదు. ఫైలు తిరగేశాడు. ఉత్తరాలు వరసగా కనిపించాయి. వాటి ఆధారంగానే, ఒక ఏడాది పొడిగించి ఆ తర్వాత ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో కొత్త టెండరు పిలవొచ్చని నోటు పెట్టాడు. బిల్లు వచ్చింది. ఆ టెండరు ఎవరికి దక్కిందో ఈ కథకు అక్కర్లేదు. టెండరు పత్రంలో మాత్రం మిగులుకూ వడ్డీకీ గడులు తప్పనిసరి అని రాశారు.

నీతి: ప్రభుత్వంలో మెప్పు పైనుంచి రావచ్చు, నోటు మాత్రం కిందినుంచే లేస్తుంది. ఆ కింది కుర్చీకి పనికొచ్చినవాడు, పనికొచ్చానని ఫైల్లో రుజువు పెట్టినవాడు నిలబడతాడు.

పై కుర్చీల్లో ఎవరూ ఎక్కువ కాలం ఉండరు: కేంద్ర సిబ్బంది పథకం (సెంట్రల్ స్టాఫింగ్ స్కీమ్) లెక్కన అండర్ సెక్రటరీకి 3 ఏళ్లు, డిప్యూటీ సెక్రటరీకి 4, డైరెక్టర్‌కూ జాయింట్ సెక్రటరీకీ 5 ఏళ్ల గడువు. సెక్షన్‌లోని కుర్చీ కూడా శాశ్వతం కాదని కథలోనే చూశాం. అందుకని బర్ఫీ డబ్బాను పేషీ నుంచి సెక్షన్‌కు మార్చమని కాదు నా ఉద్దేశం. "నోటు మేమే రాసిస్తాం సార్" అనే తెలివితేటలు అంతకన్నా వద్దు. నోటు రాయాల్సింది ప్రభుత్వోద్యోగి. అతనికి కావలసిన నిజాలు అందివ్వడం వరకే మన పని.

నోయిడా, గురుగ్రామ్‌ల నుంచి రోజూ మెట్రో ఎక్కి ప్రభుత్వ శాఖల భవన్‌ల చుట్టూ తిరిగే మన పిల్లలకు ఒక్క మాట. ఈసారి మీటింగు అయ్యాక సెక్షన్ పేరున ఒక పేజీ ఉత్తరం రాయండి. చేయలేకపోయింది కూడా అందులో పెట్టండి. డైరీ నంబరు తీసుకోకుండా గేటు దాటకండి.