తెలియదన్న సాకు ఎంతకాలం?

ఆవు నొప్పి తగ్గాలని వాడిన డైక్లోఫెనాక్, అది చచ్చాక కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుంచి మన దేశంలో మూడు రాబందు జాతులు 90 శాతానికి పైగా తరిగిపోయాయి. కారణం 2004లో తేలింది. పశువైద్యంలో ఆ మందుపై నిషేధం 2006లో వచ్చింది. చంపే ఉద్దేశమే లేనప్పుడు పాపమెక్కడిదంటారు. మందు వేయించిన రైతు వరకు నేనూ ఒప్పుకుంటాను, అతనిది దయే. కానీ ఆ మినహాయింపు తెలియనంత కాలమే చెల్లుతుంది. మన చేతిపని ఎందాకా పోతుందో ఆరా తీయని అహింస సగమే. (రాబందైన జటాయువుకు రాముడు దహనక్రియలు చేసిన కథ చెప్పుకునే వాళ్లం మరి!)

రాబందు కోసం పశువు నొప్పి భరించాలా అన్నది గట్టి ప్రశ్నే. అయితే మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందు రెండింటినీ కాపాడుతుందని తేలింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద డైక్లోఫెనాక్ సీసాలు పశువులకు మళ్లుతూనే వచ్చాయి. 2015లో వాటినీ కట్టడి చేయాల్సి వచ్చింది. అప్పటికి తెలియనిదేమీ మిగల్లేదు.